డ్యూ స్లిప్పు చెప్పే సంగతులు

ద్వారకా తిరుమల కొండ దిగి భీమడోలులో రైలెక్కితే ఒకవైపు ఏలూరు, మరోవైపు తాడేపల్లిగూడెం. ఈ కాస్త దూరంలోనే 1945లో మొదలైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన నిట్, పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. ఇన్ని రకాల చదువులున్న చోట ఏటా ఏ పుస్తకాలు కొనాలో తేల్చడం తేలికేం కాదు. ఇండెంట్లూ కేటలాగులూ చూసి కొనేయడం అలవాటైపోయింది. కొనే ముందు లైబ్రరీ తన దగ్గరున్న వాడకం లెక్కలు తాను చదువుకోవాలి.

ఈ లెక్కలు కంప్యూటరుతో పుట్టినవి కావు. ఎస్.ఆర్.రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చే ముందు గణితం బోధించేవారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది పుస్తకాల వాడకం గురించే. వాడకమే ముఖ్యమైనప్పుడు దాన్ని కొలవక తప్పదు.

పాత కొలమానం పుస్తకంలో అతికించి, తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వేసే డ్యూ స్లిప్పు. ఒక పుస్తకం స్లిప్పు మీద ఏడు ముద్రలున్నాయనుకుందాం. ఏడూ ఒకే సెమిస్టరులో, పరీక్షల ముందు పడ్డవే. పక్క పుస్తకానికీ ఏడే, కానీ నాలుగేళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి. ఇష్యూల మొత్తం చూస్తే రెండూ ఒకటే. తేదీలు చూస్తే మాత్రం మొదటిదానికి ఇంకో నాలుగు కాపీలు కావాలి, రెండోదానికి ఉన్న ఒక్క కాపీని చిరగకుండా కాపాడుకుంటే చాలు. ఇప్పుడు కోహా, సోల్ లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు ఈ తేదీలన్నీ దాచిపెడుతున్నాయి. మొత్తం సంఖ్య ఒక్కటే ప్రింటు తీసి ఫైల్లో పెడితే అసలు సంగతి అందులోనే ఉండిపోతుంది.

తర్వాత చూడాల్సింది వాటాలు. డ్యూయీ వర్గీకరణలో పండ్ల తోటలు 634, చేపల పెంపకం 639. లైబ్రరీలోని వంద పుస్తకాల్లో 639కి చెందినవి నాలుగే ఉండి, వంద ఇష్యూల్లో పన్నెండు వాటివే అయితే, ఆ ర్యాకు ఆకలిగా ఉన్నట్టే. చెరువుల మీద బతికే ఊళ్ల నుంచి పిల్లలొచ్చే కాలేజీలో ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇష్యూ లెక్కకు అందని వాడకం కూడా ఉంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఆరేళ్లలో ఒక్కసారీ ఇష్యూ కాలేదని 1979లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పెద్ద దుమారమే రేగింది. లైబ్రరీలోనే కూర్చుని చదివేవాళ్ల సంగతేమిటన్నది విమర్శకుల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకే పాఠకులను పుస్తకాలు టేబుల్ మీదే వదిలేయమని చెప్పి, సాయంత్రం ర్యాకుల్లో సర్దే ముందు ఒక్కోటి స్కాన్ చేయాలి. కౌంటరు దగ్గరికొచ్చి అడిగి, లేదనిపించుకుని వెళ్లినవాళ్ల అవసరం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దానంతటది ఎక్కదు. దానికో నోటుబుక్కు పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని.

ఇక లైబ్రరీలోంచి తీసేసే పుస్తకాల రైటాఫ్ జాబితా. పాత ఎడిషన్లను నిస్సంకోచంగా తీసేయవచ్చు. కొల్లేరు సరస్సు మీది పాత నివేదికల విషయం వేరు. సరస్సును అయిదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యం చేశారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అంతకుముందు నీళ్లెలా ఉండేవో తెలియాలంటే పాత నివేదికలే దిక్కు. అలాంటిదొకటి బీరువాలో ఉండి, ఇష్యూ సున్నా అని తేలితే, ముందు అది కేటలాగులో ఎక్కిందో లేదో చూడాలి. ఎక్కకపోతే అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు, ఇక అడిగేదెవరు? విశ్వవిద్యాలయ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు ఇండ్‌క్యాట్‌లో వెతికి ఇంకెక్కడా కాపీ కనిపించకపోతే దాన్ని జాబితాలోంచి తప్పించి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విషయ శీర్షికలిచ్చి కేటలాగులో చేర్చాలి. దాని వాడకం లెక్క ఆ రోజు నుంచి మొదలుపెట్టాలి.