టర్బో పలుకు తెలిసిన చెవి

పాత వోల్వో ఎక్స్‌సీ90 డీజిల్‌ను రోజూ నడపాలంటే డబ్బుకన్నా ముందు మంచి మెకానిక్ కావాలి. వోల్వో కార్లు మన దేశానికి వచ్చింది 2007లో. అప్పటి నా బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ తీరిపోయి, ఇప్పుడు ఐదేళ్ల రెన్యువల్ మీద తిరుగుతోంది. హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన అరబ్బు సిపాయిల వారసులుండే బార్కస్‌లో, దానికి దిక్కు ఓ మెకానిక్ భాయ్ రేకుల షెడ్డే.

ఇంజన్ వదిలే వేడి పొగతోనే టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాచేది పల్చటి ఆయిల్ పొర. అందుకే భాయ్ ముందు డిప్‌స్టిక్ తీసి, ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దుతాడు. "రేజ్ చేయండి సార్" అని చెవి ఒగ్గుతాడు. బుస్సుమంటే గాలి గొట్టం లీకు. ఈల ముదిరితే బేరింగ్ అనుమానం. నల్లపొగ వస్తే గాలి చాలట్లేదు, నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. స్కానర్ ఉంది, కానీ తీర్పు మాత్రం ఆయనదే. వేరేవాళ్లు టర్బో మొత్తం మార్చమనే చోట, పది నిమిషాల్లో క్లాంపు బిగించి పంపే ఆ నిజాయితీ నాకు మహా ఇష్టం.

దూరం నడిపొచ్చాక వెంటనే ఆపొద్దంటాడు; ఓ నిమిషం ఇంజన్ ఊరికే నడవాలట. ఆలోగా పక్కనే అమ్మే జామకాయల బేరం కూడా తెగుతుంది.