దానమా? వెట్టా?
హెన్రియెట్టా లాక్స్ పుస్తకం చదివాక కొన్ని ప్రశ్నలు

ఒంట్లోది కోసి ఇచ్చినవాళ్ల కథలు మనకు పురాణాల్లో చాలానే చెప్పారు. శిబి చక్రవర్తి తొడ మాంసం ఇచ్చాడు. దధీచి ఎముకలు ఇచ్చాడు. వాళ్లని అడిగారు, వాళ్లు ఒప్పుకున్నారు, దాతలుగా కీర్తి పొందారు. ఏకలవ్యుడి బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి మాట మారింది. అది దానం కాదు, గురుదక్షిణ. చదువు చెప్పని గురువుకి దక్షిణ ఎందుకివ్వాలి? కాదనే వీలు ఆ నిషాద కుర్రాడికి ఉందా? కథ చెప్పినవాళ్లకు ఈ ప్రశ్నలు అక్కర్లేకపోయాయి.

వైద్య పరిశోధనలో 'కణజాల దానం' అన్న మాట విన్నప్పుడల్లా మాకు ఈ తేడా గుర్తొస్తుంది. రెబెకా స్క్లూట్ 2010లో ప్రచురించిన 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్' పుస్తకాన్ని ఈ గుర్తుతోనే చదివాం.

హెన్రియెట్టా లాక్స్ అమెరికాలోని వర్జీనియాలో, క్లోవర్ అనే ఊళ్లో పొగాకు చేలల్లో పనిచేస్తూ పెరిగిన నల్లజాతి స్త్రీ. ఒకప్పుడు బానిసలను ఉంచిన కొట్టంలోనే ఆమె బాల్యం గడిచింది. 1951లో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌తో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. నల్లవాళ్లకు విడి వార్డులున్న రోజులవి. వైద్యం చేస్తూ ఆమె కణితిలోంచి చిన్న ముక్క తీసి జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. అంతకుముందు ప్రయోగశాలలో మనిషి కణాలు కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఈమెవి చావలేదు. రోజు తిరిగేసరికి రెట్టింపయ్యాయి. ఆ ఏడాది అక్టోబర్ 4న, 31 ఏళ్ల వయసులో, ఐదుగురు పిల్లల్ని వదిలి ఆమె చనిపోయింది. దశాబ్దాల పాటు ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. కణాలు మాత్రం 'హీలా' పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. పోలియో టీకా పరీక్షల్లో వాడారు. కంపెనీలు పెంచి అమ్ముకున్నాయి. ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసింది 1973లో. అది కూడా కణాల గురించి ఇంకేవో వివరాలు కావలసి, పరిశోధకులు వాళ్ల రక్తం కోసం వచ్చినప్పుడు. ఆ రక్తం ఎందుకో సరిగా చెప్పినవాడు లేడు. తనకూ కాన్సర్ ఉందేమో చూస్తున్నారనుకుని కూతురు డెబొరా భయపడుతూ గడిపింది.

స్క్లూట్ చేసింది చిన్న పని కాదు. దాదాపు పదేళ్లు ఆ కుటుంబం వెంట తిరిగింది. వాళ్ల కోపాన్నీ అనుమానాన్నీ అజ్ఞానమని కొట్టిపారెయ్యలేదు. నల్లవాళ్ల శవాలను సమాధుల్లోంచి తవ్వి వైద్య కళాశాలలకు అమ్మిన చరిత్రను ఆ అనుమానం పక్కనే పెట్టి చూపించింది. తల్లి కణాలతో అంత వైద్యం పెరిగితే ఆమె పిల్లలకు వైద్య బీమా కొనే స్తోమత లేదన్న నిజాన్ని దాచలేదు.

మా పేచీ పుస్తకం చివర్లో వచ్చే చర్చతో. అక్కడ రచయిత్రి కణజాలం సమస్యను రెండు ముక్కలు చేస్తుంది: సమ్మతి ఒకటి, డబ్బు ఒకటి. అడిగి తీసుకున్నారా? లాభంలో వాటా ఇచ్చారా? ఈ రెంటికీ జవాబు దొరికితే లెక్క తేలిపోయినట్టే. మేం మూడో ప్రశ్న అడుగుతున్నాం. వద్దనే శక్తి ఆ మనిషికి ఉండిందా?

వెట్టి గురించి తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. దొర గడీలో మా తాతలు చేసిన పనికి కూలీ లేకపోవడం ఒక్కటే కాదు వెట్టి. పిలిస్తే పోకుండా ఉండలేకపోవడం వెట్టి. ఎప్పుడన్నా దొర దయతలచి గింజలు కొలిచినా అది వెట్టే. హెన్రియెట్టాది కూడా అంతే. బీద నల్లవాళ్లను చేర్చుకునే ఆసుపత్రులే అరుదైన చోట ఆమె ముందు కాగితం పెట్టి అడిగినా ఏమని ఉండేది? ఉచితంగా చూస్తున్నాం కాబట్టి మీ ఒంటి మీద మాకు హక్కుందన్న భావం ఆనాటి ధర్మాసుపత్రుల్లో మామూలు. దాన్ని ఆనాటి డాక్టర్ల మంచి చెడ్డల కథగా చదివితే ఆ ఆసుపత్రి గోడల్లో ఉన్న జాతి కనపడకుండా పోతుంది.

చట్టం కూడా ఈ మూడో ప్రశ్న దాకా రాలేదు. జాన్ మూర్ అనే రోగి ప్లీహం తీసి, అందులోని కణాలతో డాక్టరు పేటెంట్ తెచ్చుకున్నాడు. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏమన్నది? డాక్టరు తన స్వార్థం సంగతి రోగికి చెప్పి ఉండాల్సింది, కానీ తీసేసిన కణాల మీద రోగికి ఆస్తిహక్కు లేదు. అంటే ఒంట్లోంచి బయటికొచ్చాక అది డాక్టరుకు ఆస్తి కాగలదు, కంపెనీకి ఆస్తి కాగలదు. ఎవరి ఒళ్లో వాళ్లకు తప్ప. భూమి దున్నినవాడికి తప్ప అందరికీ ఆస్తి అయిన దేశంలో ఉన్నవాళ్లం, ఈ తర్కం మనకు అర్థం కాకపోదు.

ఇక పేరు సంగతి. చాలాకాలం హీలా అంటే 'హెలెన్ లేన్' అనే లేని మనిషి పేరుతో చెలామణి అయింది. పేరు దాచడం రోగి మేలుకే అంటారు. కొంత నిజం. 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు హీలా జన్యుక్రమం మొత్తాన్ని అడగకుండా బయట పెట్టినప్పుడు కుటుంబం ఎదురు తిరిగింది కూడా ఆ రహస్యం కోసమే. కానీ పేరు తీసెయ్యడంలో ఇంకో పని కూడా జరుగుతుంది. మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు నమూనా ఇచ్చినవాళ్లదే అంటాయి, వెనక్కి తీసుకోవచ్చంటాయి. అయితే పేరు పూర్తిగా చెరిపేసిన నమూనాను ఎవరు వెనక్కి అడుగుతారు? పరీక్షకని తీయగా మిగిలిన ముక్కను, పేరు చెరిపేస్తే, ఎథిక్స్ కమిటీ అనుమతితో మళ్లీ అడక్కుండానే వాడుకునే వీలుంది. పేరు పోయిన చోట హక్కూ పోయింది.

ఈ కథ అమెరికాలో ఆగలేదు, ఖమ్మం జిల్లాకు వచ్చింది. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు కొన్ని హెచ్‌పీవీ వైరస్ రకాలు కారణమని తేల్చిన పరిశోధనకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఆయన బృందం 1984లో హీలా కణాల్లో కూడా హెచ్‌పీవీ-18 రకాన్ని చూసింది. అంటే హెన్రియెట్టాను చంపిన వైరస్ అది. ఆ జ్ఞానం మీదే టీకాలు తయారయ్యాయి. 2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఆ టీకా వేయించాయి. వాళ్లలో ఎంతోమంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోనూ ఇదే కార్యక్రమం జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులు టీకా వల్ల కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం సమ్మతి పత్రాలు తిరగేసింది. మన రాష్ట్రానివి 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు.

టీకా మంచిదా చెడ్డదా అన్నది మా ప్రశ్న కాదు. ఆ టీకా మన ఆడపిల్లలకు కావలసిందే. ఆ టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి, గమనించండి. కంపెనీ దాత అయింది, చెయ్యి చాపిన పిల్ల పుచ్చుకున్నది అయింది. ఆ పిల్ల ఒళ్లు ఇచ్చిన లెక్క ఎవరి పద్దులోనూ లేదు. అమ్మానాన్న గూడెంలో బతికే ఉండగా పిల్ల ఒంటికి వార్డెన్ యజమాని అయ్యాడు.

సంతకం అంటే మా ఇళ్లలో ఏమిటో కూడా చెప్పాలి. మా అమ్మకి సర్కారు దవాఖానాలో గడ్డ తీసినప్పుడు మేం డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంగ్లీషు కాగితం ఇచ్చి "ఇక్కడ ఏలిముద్ర ఏయించు" అన్నారు. వేయించాం. "ఏముందిరా అందులో?" అని అమ్మ అడగలేదు, మేమూ చదవలేదు. అడిగితే ఆపరేషన్ ఎక్కడ వెనక్కి పోతుందోనని భయం. అప్పుపత్రం మీద తాత పెట్టిన వేలిముద్రకూ దీనికీ తేడా ఏమిటని ఇప్పుడు అనిపిస్తున్నది. తీసిన గడ్డ ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఇలా అయితే పరిశోధన ఆగిపోదా అని మిత్రులు అడుగుతారు. సైన్సు మాకు శత్రువు కాదు. పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలు వాడల్లోనే ఎక్కువ కనపడేవాళ్లు. 1950లలో టస్కెగీలో నల్లజాతి శాస్త్రవేత్తలే హీలా కణాలను పెంచి పోలియో టీకా పరీక్షలకు పంపారు. అదే టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖ సిఫిలిస్ ఉన్న నల్లవాళ్లకు వైద్యం చెయ్యకుండా చూస్తూ కూర్చుంది. ఒకే ఊరు, రెండు సైన్సులు. మనకు కావలసింది మొదటిది.

వద్దనే శక్తి ఎలా ఉంటుందో హవసుపాయి ప్రజలు చూపించారు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఉండే ఆదివాసీలు వాళ్లు. మధుమేహం పరిశోధనకని 1990 నుంచి వాళ్ల రక్తం తీసుకుని, స్కిజోఫ్రెనియా గురించీ, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని గురించీ చదువులకు వాడుకున్నారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ రాజీకొచ్చి 7 లక్షల డాలర్లు ఇచ్చింది. డబ్బు కన్నా మాకు పెద్దగా అనిపించింది ఇంకోటి: మిగిలిన రక్తాన్ని వాళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. లాక్స్ కుటుంబం కూడా 2021లో ఒక కంపెనీ మీద దావా వేసి 2023లో రాజీ సాధించింది. అయితే ఇది హెన్రియెట్టా పోయాక 72 ఏళ్లకు. హవసుపాయి వాళ్లు ఒక్కొక్కరుగా కాదు, ఒక జాతిగా అడిగారు. ఒక్కడి వేలిముద్ర పక్కన ఊరంతా నిలబడితేనే అది సమ్మతి అవుతుంది.

ప్రయోగశాలల్లోకి మన పిల్లలు ఇప్పుడిప్పుడే అడుగు పెడుతున్నారు. హీలా సీసా చేతికొచ్చినప్పుడు అది ఎవరిదో గైడుని అడగండి. ఎథిక్స్ కమిటీలో వాడల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో అడగండి. ఆసుపత్రికి పోయినవాళ్లతో తోడుగా పోయి, కాగితం తెలుగులో చదివి వినిపించి, వద్దంటే వైద్యం ఆగదని డాక్టరు నోటితో చెప్పించండి. ఆ తర్వాత అమ్మ సరేనంటే, అప్పుడు దాన్ని దానమనవచ్చు.