‘ఫలితాలు లేవు’: సింగరేణి సాహిత్య పరిశోధనలో అంతర్జాల అన్వేషణ - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: సింగరేణి బొగ్గుగని ప్రాంత సాహిత్యంపై పరిశోధించేవారు అంతర్జాలంలో సమాచారాన్ని వెతికే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శోధనపదాన్ని ఎంచుకోవడం సాంకేతిక వ్యవహారం మాత్రమే కాదని, అది ఒక సాహిత్య నిర్ణయమని ప్రతిపాదిస్తుంది. రామగుండం, గోదావరిఖని ప్రాంతాలను ప్రధాన ఉదాహరణగా స్వీకరించడమైంది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, బొగ్గుగని సాహిత్యం, శోధనయంత్రం, శోధనపదం, యూనికోడ్.

ఉపోద్ఘాతం

“ఈ అంశంపై ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు” అన్న వాక్యం సిద్ధాంతగ్రంథాల తొలి ప్రకరణంలో దాదాపు ఒక సంప్రదాయంగా స్థిరపడింది. ఒకప్పుడు ఆ మాట రాయడానికి పరిశోధకుడు కనీసం రెండుమూడు గ్రంథాలయాల సూచీలు తిరగేయవలసి వచ్చేది. నేడు శోధనయంత్రంలో రెండు పదాలు కొట్టి, మొదటి పుటలో ఏమీ కనిపించకపోతే అదే వాక్యాన్ని నిస్సంకోచంగా రాస్తున్నారు. ఈ వ్యాసకర్త కూడా ఒకప్పుడు ఆ పని చేసినవాడే.

ఏ ప్రాంత సాహిత్యం విషయంలోనైనా ఇది లోపమే. బొగ్గుగని ప్రాంతం విషయంలో అన్యాయం కూడా. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకాలు మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందిన ఈ పరిశ్రమ, 1960ల ఆరంభంలో రామగుండం ప్రాంతానికి విస్తరించింది. పల్లెల నుంచి గనులకు వచ్చినవారి జీవితం అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితల ద్వారా కథ, నవలల్లోకి వచ్చింది. వీరి వెనుక, స్థానికంగా అచ్చయిన చిన్న సంచికల్లో, సంఘాల కరపత్రాల్లో రాసి ఆగిపోయిన కార్మికులు ఎందరో ఉన్నారు. ‘జరగలేదు’, ‘లేదు’ అన్న మాటల బరువు మొదట పడేది వారి మీదనే.

పదం ఎవరిది?

‘సింగరేణి’ అని వెతికితే ఉద్యోగ ప్రకటనలు, పరీక్షా ఫలితాలు, లాభాల వాటా వార్తలు వరుసకడతాయి. అక్కరలేని పదానికి ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెట్టి ‘నోటిఫికేషన్’, ‘ఉద్యోగాలు’ వంటివాటిని తొలగించవచ్చు. ఇది చాలామందికి తెలిసిన సూత్రమే. దీనితో చెత్త తగ్గుతుంది గానీ సాహిత్యం కనిపించదు.

కారణం మనం అడిగే భాషలో ఉంది. ‘బొగ్గుగని కార్మిక సాహిత్యం’ అన్నది విమర్శకుల పదబంధం. దానితో వెతికితే విమర్శకులే దొరుకుతారు. కార్మికుడు తన రచనలో తనను తాను ఆ మాటతో పిలుచుకోడు. అతడు ‘బాయి’కి పోతాడు, ‘బాయి’ దిగుతాడు, మస్టర్ పడతాడు, తట్టా చెమ్మస్ పడతాడు, ‘నాగా’ చేస్తాడు. ఇవీ రచనలో ఉండే మాటలు. అయితే ఒక్కొక్క మాటనే విడిగా వెతికితే శోధనయంత్రం మరోచోటికి తీసుకుపోతుంది. ‘బాయి’ అంటే లక్ష్మీబాయి వస్తుంది, ‘నాగా’ అంటే సాధువులు వస్తారు. అందువల్ల రెండుమూడు పని మాటలను కలిపి, ఒక్కొక్కదాన్ని ఉటంకింపు గుర్తుల మధ్య ఉంచి అడగాలి. ‘బాయి’, ‘మస్టర్’, ‘షిఫ్టు’ మూడూ ఉన్న పుట బొగ్గుగని పుట కావడానికే అవకాశం ఎక్కువ.

సంధి మరో చిక్కు. అల్లం రాజయ్య నవల ‘కొలిమంటుకున్నది’ని ‘కొలిమి’ అన్న పదంతో అడిగితే రాకపోవచ్చు. శీర్షికలో ఆ పదం సంధిలో కరిగిపోయింది. ‘గని’ అని అడిగినప్పుడు ‘గనుల్లో’ అన్న రూపం తప్పిపోవచ్చు. పదరూపాలను ఒకటిగా గుర్తించే ఏర్పాటు ఆంగ్లానికి ఉన్నంత పటిష్ఠంగా తెలుగుకు లేదు. కాబట్టి విభక్తిరూపాలను మనమే వేరువేరుగా ఇవ్వాలి. వ్యాకరణం చదివిన తెలుగు పరిశోధకుడికి ఇది కష్టం కాకూడదు.

ఒక ప్రమాదం, అనేక పేర్లు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. దీనిపై వచ్చిన కవిత్వాన్ని సేకరించాలనుకునేవారు ఏ పదంతో మొదలుపెట్టాలి? గనుల భద్రతా నివేదికల భాషలో అది ‘ఇనండేషన్’. పత్రికాభాషలో గని ప్రమాదం, నీటి ముంపు, జలసమాధి. ఆగ్రహించిన కవికి అది ‘ప్రమాదం’ కాకపోవచ్చు, ‘హత్య’ కావచ్చు. గని పేరునే ‘7 ఎల్‌ఈపీ’, ‘7ఎల్ఇపి’, ‘సెవెన్ ఎల్‌ఈపీ’ అని పలు విధాలుగా రాయవచ్చు. ‘ప్రమాదం’ అన్న ఒక్క మాటతో ఆగిన పరిశోధకుడు, తనకు తెలియకుండానే, దాన్ని ప్రమాదంగా చూసిన పక్షాన్ని మాత్రమే సేకరిస్తాడు.

ఈ ఇబ్బందిని చాలాకాలం క్రితమే నిరూపించిన అధ్యయనం ఒకటి ఉంది. 1985లో బ్లెయిర్, మేరన్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రమాదానికి సంబంధించిన దావాలో సుమారు 40,000 పత్రాలపై జరిగిన శోధనను పరీక్షించారు. అవసరమైన పత్రాల్లో మూడువంతులు దొరికాయని న్యాయవాదులు నమ్మారు. నిజానికి దొరికినవి దాదాపు ఐదోవంతు. ఒక పక్షం ‘ప్రమాదం’ అన్నదాన్ని మరో పక్షం ‘సంఘటన’, ‘పరిస్థితి’ వంటి మెత్తని మాటలతో రాసుకోవడం ఇందుకు ఒక కారణం. ఆ న్యాయవాదులు అసమర్థులు కారు. దొరికినవి బాగున్నందువల్ల దొరకనివాటి గురించి వారికి అనుమానం రాలేదు. మన పరిశోధనల్లోనూ సరిగ్గా ఇదే జరుగుతోంది.

జిల్లా, లిపి, బొమ్మ

2016 అక్టోబరు 11 నుంచి రామగుండం పెద్దపల్లి జిల్లాలో ఉంది. అంతకుముందు రచనలన్నింటికీ అది కరీంనగర్ జిల్లా. మంచిర్యాల ఆదిలాబాదులో, కొత్తగూడెం ఖమ్మంలో, భూపాలపల్లి వరంగల్లులో ఉండేవి. ‘పెద్దపల్లి జిల్లా కథకులు’ అని అడిగేవారికి పాత తరం అందకపోవడంలో వింత లేదు. స్థానికులు గోదావరిఖనిని ‘ఖని’ అని మాత్రమే అంటారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రోమన్ లిపి సమస్య తెలిసిందే. ‘రాజయ్య’, ‘తుమ్మేటి’ వంటి పేర్లను ఒక్కొక్కరు ఒక్కో వర్ణక్రమంతో రాస్తారు. ‘కొమురం భీం’ నవలకు అల్లం రాజయ్యతోపాటు సహరచయిత అయిన సాహు పేరు కలంపేరు. ఆ పేరుతో మాత్రమే వెతికితే ఉత్తరాది ఇంటిపేర్లు ముంచెత్తుతాయి. నవల పేరును తోడు చేర్చక తప్పదు.

వీటన్నింటికంటే లోతైన సమస్య అక్షరసంకేతాలది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, మన ముద్రణరంగం చాలాకాలం అను ఫాంట్లతో నడిచింది. ఆ విధంగా తయారైన పీడీఎఫ్‌లో కంటికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. స్కాన్ చేసిన పాత పత్రికలు యంత్రానికి చాలావరకు కేవలం బొమ్మలు. శోధగంగలోని తెలుగు సిద్ధాంతగ్రంథాల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. వీటి లోపలి పాఠాన్ని శోధనపదం సాధారణంగా తాకదు. శీర్షిక, పరిశోధకుడు, పర్యవేక్షకుడు, విశ్వవిద్యాలయం వంటి వివరాలతో గ్రంథాన్ని పట్టుకుని, ప్రకరణాలు తెరచి చదవడమే మార్గం. శోధనయంత్రంలో ఆంగ్లలిపిలో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా ఆ భాండాగారం చిరునామా రాస్తే వెతుకులాట అక్కడికే పరిమితమవుతుంది. సమయం ఆదా అవుతుంది. పై పరిమితి మాత్రం అలాగే ఉంటుంది. కథానిలయం సూచీని కూడా ఈ ఎరుకతోనే వాడాలి. శీర్షికలో ‘గని’ లేని గని కథను శీర్షికల జాబితా పట్టివ్వదు.

‘జరగలేదు’ అని రాసే ముందు

ఏ పదాలతో, ఏ లిపుల్లో, ఏ భాండాగారాల్లో, ఏ తేదీన వెతికారో సిద్ధాంతగ్రంథం అనుబంధంలో ఒక పుట చేర్చాలని పర్యవేక్షకులు అడగాలి. వైద్యశాస్త్రంలో పూర్వాధ్యయనాల క్రమబద్ధ సమీక్షలకు ఈ నియమం ఇప్పటికే ఉంది. సాహిత్యశాఖల్లో దీన్ని అడగడానికి వెనుకాడనవసరం లేదు. ఆ పుట ఉంటే ‘జరగలేదు’ అన్న వాక్యం ‘ఈ పదాలతో, ఈ చోట్ల నాకు దొరకలేదు’ అని మారుతుంది. తర్వాతి పరిశోధకుడు వదిలిపోయిన పదంతో మొదలుపెట్టగలడు.

అంతర్జాలంలో ఎక్కనిది ఎలాగూ అక్కడ దొరకదు. సమ్మెకాలపు కరపత్రాలు, వార్షికోత్సవ సంచికలు, రాతప్రతుల్లో ఉండిపోయిన పాటలు కార్మికవాడల ఇళ్లలో ఉన్నాయి. పదవీ విరమణ తర్వాత క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు మొదట బయటపడేవి ఆ కాగితాలే. వాటికోసం రామగుండం స్టేషన్‌లో దిగి, ఖనికి పోయే ఆటో ఎక్కవలసిందే.