నొప్పికి తేదీ ఉంది

కడుపునొప్పితో వచ్చిన ఆడపిల్లను ఎక్కడ నొప్పి అని అడగని డాక్టరు ఉండరు. ఎప్పుడొస్తోందనీ అడుగుతారు. కానీ ఆ ప్రశ్న తిన్నాకా, తినకముందా అన్నదగ్గరే ఆగిపోతుంది. నెలసరి ముందా, ఆ రోజుల్లోనా అన్నదాకా రాదు. గైనకాలజిస్టుగా నేను నేర్చుకున్న పనిలో ఈ ఒక్క ప్రశ్నకున్న విలువ ఇంతా అంతా కాదు.

ఈమధ్య ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని వాళ్లమ్మ వెంటపెట్టుకొచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు. ఉబ్బరం, ఒకరోజు విరేచనాలు, ఇంకోరోజు మలబద్ధకం, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. ఎండోస్కోపీ నార్మల్, కొలనోస్కోపీ నార్మల్, పొట్ట స్కానింగూ నార్మల్. పేగు పనితీరు గాడితప్పే ‘ఐబీఎస్’ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని చీటీ రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. గ్యాస్ బిళ్లలు మింగింది, పాలు మానేసింది, చపాతీ మానేసింది.

“మోషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పి ఏ రోజుల్లో ఎక్కువ?”

“పీరియడ్స్ టైమ్‌లోనే మేడం. కూర్చోవాలంటేనే భయం.”

“ఈ మాట అక్కడ చెప్పావా అమ్మా?”

“ఎవరూ అడగలేదు. కడుపు డాక్టరుకి పీరియడ్స్ సంగతి ఎందుకులే అనుకున్నా.”

వాళ్లమ్మ అందుకుంది: “నాకూ ఆ వయసులో ఇంతే మేడం. పెళ్లయితే అదే తగ్గుతుందన్నారు.” ఆవిడ తేలిగ్గా అనేసిన ఆ మాటా నాకు ఒక ఆధారమే. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే, నేను అనుమానిస్తున్న జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఆఫీసులో సిక్ లీవు పెట్టిన తేదీలు ఫోన్లో తీయమన్నాను. ఇంట్లో ఉన్న వాళ్ల నాన్నకు చెప్పి వంటింటి క్యాలెండరు ఫొటోలు తెప్పించాం. పాల లెక్కలు, గ్యాస్ బుక్ చేసిన తేదీల మధ్య, వాళ్లమ్మ పూజలు చూసుకోవడానికి కూతురి నెలసరి తేదీల మీద పెట్టుకున్న ఎర్రచుక్కలు కనిపించాయి. లీవులు దాదాపు అన్నీ ఆ చుక్కలకు అటూ ఇటూనే ఉన్నాయి. ఎంఆర్ఐ తీయిస్తే గర్భాశయం వెనక, పెద్దపేగు చివర అంటుకుని గడ్డ తేలింది. ఎండోమెట్రియోసిస్.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీదో, గర్భాశయం వెనకో, పేగు మీదో పెరగడమే ఈ జబ్బు. దీనివల్ల వచ్చే వాపు పక్కనున్న పేగును రెచ్చగొడుతుంది, అందుకే లక్షణాలు అచ్చం ఐబీఎస్‌లా ఉంటాయి. కొలనోస్కోపీ పేగును లోపలినుంచి చూస్తుంది. ఇదేమో బయటినుంచి పెరుగుతుంది, లోపలి పొరదాకా రావడం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది.

ఐబీఎస్ లేనిపోని జబ్బేమీ కాదు. రెండూ ఒకరికే ఉండొచ్చు. వట్టి ఐబీఎస్ కూడా నెలసరిలో ముదరొచ్చు. కాబట్టి క్యాలెండరు ఒక్కటే జబ్బును తేల్చదు, ఎటు వెతకాలో చెబుతుంది. ఐబీఎస్‌ను గుర్తించడానికి ప్రపంచమంతా వాడే 2016 నాటి రోమ్ ప్రమాణాల్లో నొప్పికీ మోషన్‌కీ ఉన్న సంబంధం ఉంది, నెలసరి ఊసు లేదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం నెలసరితోపాటు వచ్చే పేగు లక్షణాలు, ముఖ్యంగా మోషన్‌లో నొప్పి కనిపిస్తే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించమన్నాయి. స్కానింగ్ నార్మల్ వచ్చిందని ఆ అనుమానాన్ని కొట్టేయవద్దని కూడా చెప్పాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఈ జబ్బును బాగా పట్టేది యోని ద్వారా చేసే స్కానింగ్. పెళ్లికాని అమ్మాయిలకు సాధారణంగా అది చేయరు. పైనుంచి చేసిన స్కానింగ్‌లో ఏమీ లేదంటే ఏమీ లేనట్టే అనుకుంటారు. అలాంటప్పుడు అనుభవమున్నవారితో ఎంఆర్ఐ చదివించాలి. ఒకప్పుడు పొట్టలోకి సన్నటి గొట్టం పంపి చూసే ల్యాపరోస్కోపీ చేస్తేగానీ నిర్ధారణ లేదనేవారు. 2022లో ఐరోపా నిపుణుల సంఘం ఆ పట్టు సడలించింది. లక్షణాలను బట్టి హార్మోన్ బిళ్లలతో చికిత్స మొదలుపెట్టవచ్చు. ఆ అమ్మాయికీ అలాగే మొదలుపెట్టాం, నొప్పి తగ్గుముఖం పట్టింది. మందులకు లొంగకపోతే ఆపరేషన్ ఎలాగూ ఉంది.

రెండు మూడు నెలలపాటు నొప్పి, మోషన్, ఉబ్బరం, నెలసరి అన్నీ ఒకే క్యాలెండరు మీద రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడగకపోయినా, దాన్ని బల్లమీద పెట్టండి. ఏళ్లు గడిచేకొద్దీ నొప్పి నెలంతా పాకి ఆ లెక్క చెదిరిపోవచ్చు, అందుకే మొదట్లో ఎలా ఉండేదో కూడా చెప్పండి. తోటి డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: చీటీ మీద ‘ఐబీఎస్’ అని రాసేముందు, నెలసరి ఎప్పుడొచ్చిందో, ఆ రోజుల్లో మోషన్ ఎలా ఉంటుందో అడిగి రాయండి. నిమిషం పట్టే పని. అది అడగనందుకు ఈ ఆడపిల్లలు ఏళ్లతరబడి నొప్పి భరిస్తున్నారు.