టెస్టర్‌కి ఇన్‌ఛార్జి బాధ్యతలు

మా ఇంట్లో చాలా ఏళ్లపాటు పనిముట్టు అంటే ఒకటే, టెస్టర్. ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పేది అదే, పెయింటు డబ్బా మూత లేపేది అదే, సింకులో ఇరుక్కున్న మెతుకులు పొడిచేదీ అదే. కరెంటు ఉందో లేదో చూడటం దాని అసలు ఉద్యోగం. మిగతావన్నీ ఇన్‌ఛార్జి బాధ్యతలు.

మొన్నటి వానలకి వీధి తలుపు నేలకి రాసుకోవడం మొదలుపెట్టింది. చెక్క ఉబ్బిందని, వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిద్దామని అంది మా ఆవిడ. నాకూ అలాగే తోచింది. అదృష్టం, వడ్రంగి ఫోనెత్తలేదు. వానల్లో ఉబ్బిన తలుపుకి చిత్రిక పడితే, ఎండాకాలానికి అది ఆరి కుదించుకుపోయాక సందులోంచి వీధి కనిపిస్తుంది. తీసిన చెక్కని మళ్లీ అతికించలేం కదా! తీరిగ్గా చూస్తే అసలు సంగతి అదీ కాదు. ఉబ్బిన తలుపు పైనుంచి కిందదాకా ద్వారబంధానికి పట్టేస్తుంది. మాది గడియ వైపు కింది మూల మాత్రమే గీసుకుంటోంది, పై బందు దగ్గరేమో సందు పడింది. అంటే తలుపు ఉబ్బలేదు, వాలింది.

పై బందుకున్న స్క్రూల్లో రెండు చేత్తోనే ఊడొచ్చాయి. మూడోది తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. టెస్టర్ అందుకున్నాను. జారింది. ఇంకాస్త బలంగా తిప్పాను, ఇంకాస్త జారింది. పది నిమిషాల్లో స్టార్ గాడి కాస్తా గుండ్రటి గుంటయి కూర్చుంది. "ఆడలేక మద్దెల ఓడు" అని వంటింట్లోంచి వినిపించింది. ఆ సామెత మీద నాకో అభ్యంతరం ఉంది. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది.

హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి స్టార్ స్క్రూడ్రైవర్ అడిగాను.

"ఏ నంబరు?" అన్నాడు కొట్టాయన. దానికో నంబరుంటుందని నాకు అరవయ్యో ఏట తెలిసింది.

"స్క్రూ తెచ్చారా మాస్టారూ?"

"తేలేదు."

"కాలు ఇంట్లో పెట్టి చెప్పులు కొనడానికొచ్చారన్నమాట."

మనం స్టార్ అనేదాని అసలు పేరు ఫిలిప్స్. ఆలోచన అమెరికాలో జాన్ థాంప్సన్ అనే ఆయనది. పోర్ట్‌లాండ్ వ్యాపారి హెన్రీ ఫిలిప్స్ ఆ హక్కులు కొని, మెరుగులు దిద్ది, 1936లో పేటెంట్లు తెచ్చుకున్నాడు. పేరు కొన్నవాడికే దక్కింది. ఒంటి గాడి స్క్రూలో బ్లేడు పక్కకి జారిపోతుంది. ఇందులో మొన తనంతట తానే నడిమికి చేరి కుదురుకుంటుంది. అందుకే కార్ల ఫ్యాక్టరీలు దాన్ని ఇష్టంగా తీసుకున్నాయి. కాకపోతే గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బలం ఎక్కువైతే మొన పైకి తన్నుకొస్తుంది. తిప్పడం కన్నా ముందు నొక్కడం రావాలి.

నంబర్లు 0 నుంచి 4 దాకా. ఇంటి స్క్రూల్లో ఎక్కువ వాటికి 2 సరిపోతుంది. 1 పెట్టినా తిరుగుతుంది, చిక్కంతా అక్కడే. అసలు దూరనిదానితో ఏ నష్టమూ లేదు, పక్కన పడేస్తాం. అరకొరగా పట్టేదే గాడిని తినేస్తుంది. కొట్టాయన ఓ స్క్రూలో మొన పెట్టి చూపించాడు. "ఇట్టా ఊపితే ఆడకూడదు మాస్టారూ. ఆడిందంటే అది దానిది కాదు." బారెడు పొడుగున్నది ఎంచుకోబోయాను, బలం ఎక్కువొస్తుందని. వద్దన్నాడు. పొడుగు చెయ్యి దూరని చోట్లకట, బలం పిడి లావులో ఉంటుందట. అరచేతి నిండా పట్టే పిడి ఉన్నది తీసుకున్నాను. పానా చూపించి మరో ముక్క కూడా చెప్పాడు, కదిలే దవడ వైపుకే తిప్పాలని, అప్పుడే భారం కదలని దవడ మీద పడుతుందని. ఇన్నేళ్లూ నేను ఎటు చెయ్యాడితే అటు తిప్పాను. మా కుళాయిల నట్లు గుండ్రంగా అరిగి ఉండటానికి కారణం ఉప్పునీళ్లు కాదన్నమాట.

పాడైన స్క్రూ తల కాస్త పైకే ఉండటంతో కటింగ్ ప్లేయర్‌తో పట్టి తీశాను. సాగిపోయిన బెజ్జాల్లో ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు కుక్కి, పైకొచ్చింది తుంచేసి, రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున్నే తలుపు కింద పాత పేపరు మడత పెట్టి ఎత్తాం. అందులో నా కాలమ్ ఉందేమో చూడలేదు. అరంగుళం పొడుగెక్కువున్న కొత్త స్క్రూలు కిర్రుకిర్రుమంటూ దిగాయి. ఆ చప్పుడు అంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఇక టెస్టర్‌ని అసలు ఉద్యోగానికే పరిమితం చెయ్యాలనుకున్నాను. మెలితిప్పి మెలితిప్పి దాని ప్లాస్టిక్ పగిలితే, రేపు కరెంటు తీగ మీద పెట్టినప్పుడు షాక్ కొట్టేది నాకే. పాతది పారేసి, కొత్తది కొని, విడిగా డబ్బాలో పెట్టి, దాని మీద కాగితం కూడా అంటించాను.

నిన్న అది వంటింటి గట్టు మీద కనిపించింది, పక్కనే మూత తీసిన కాఫీపొడి డబ్బా.

"మూత లేపడానికి స్పూను ఉందిగా?" అన్నాను.

"స్పూను వంగిపోతుందండీ" అంది.