మందు లేని సూది

మోకాలు నొప్పి అని వెళ్తే, చేయి తిరిగిన ఫిజియో మోకాలి దగ్గరే ఆగిపోరు. మా పెద్దమ్మని బల్ల మీద పడుకోబెట్టి ఫిజియో అమ్మాయి ఆమె తొడ లోపలివైపు, చిప్పకు నాలుగు వేళ్ల పైన బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట పెద్దమ్మ "అక్కడే, అక్కడేనమ్మా! మోకాల్లోకి లాగుతోంది" అని అరిచింది. నేనూ తాకి చూశాను. చర్మం కింద పురికొసలా బిగుసుకుపోయి ఉంది కండ.

అక్కడే సూది దించింది. గుండుసూది కన్నా సన్నం. సిరంజీ లేదు, మందు లేదు, అందుకే డ్రై నీడ్లింగ్. కండ చటుక్కున అదిరింది. సూది సరైన చోట పడిందనడానికి వాళ్లు చూసే గుర్తు అదే.

ఇలాంటి బిగుతులు ఎక్కడ పుడితే నొప్పి ఎక్కడ తేలుతుందో ట్రావెల్, సైమన్స్ అనే అమెరికన్ వైద్యులు 1983లో పెద్ద గ్రంథంగా బొమ్మలతో సహా వేశారు. అంతకు నాలుగేళ్ల ముందే చెక్ వైద్యుడు కారెల్ లెవిట్, ఇంజెక్షన్‌తో వచ్చే ఉపశమనంలో సూదిపోటు పాత్రే ముఖ్యమని రాశాడు.

అయితే "గుజ్జు అరిగింది, సూదులతో నయం చేస్తాం" అనే మాట నేను నమ్మను. అరిగిన గుజ్జును ఏ సూదీ తిరిగి తేలేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదలకు డ్రై నీడ్లింగ్ వద్దంది. వ్యాయామం మాత్రం అందరికీ చేయించమంది. నాకు తెలిసినంతలో సూది ఇచ్చేది కొద్ది రోజుల తెరిపి. కండల బిగుతు పాలు ఎక్కువున్నవాళ్లకి ఆ తెరిపి చాలా విలువైనది, ఎందుకంటే నొప్పికి భయపడి వాడడం మానేసిన తొడ రోజురోజుకీ నీరసిస్తుంది, ఆ బరువంతా మళ్లీ కీలు మీదే పడుతుంది.

ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది సూది తీసేశాకే. "పెద్దమ్మా, నొప్పి తగ్గిందని ఊరుకోవద్దు. ఇప్పుడే బలం పెంచుకోవాలి" అంటూ తువాలు చుట్టి మోకాలి కింద పెట్టింది. దాన్ని బల్లకేసి అదిమి, ఐదు లెక్కపెట్టి వదలమంది. పెద్దమ్మ తొడ మీద చేయి ఉంచి, కండ గట్టిపడలేదనిపించిన ప్రతిసారీ మళ్లీ చేయించింది. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. సూదికి పట్టిన సమయం కన్నా దీనికే ఎక్కువ పట్టింది. బయట ఇంకా మనుషులు కూర్చునే ఉన్నా తొందరపడలేదు.