ఖండించువారి పొరపాట్లు

'ది స్కెప్టిక్స్ గైడ్ టు ది యూనివర్స్' అనునది 2005 మే నెలలో అమెరికాలో ఆరంభమైన ఆంగ్ల వారపు పాడ్‌కాస్టు. యేల్ విశ్వవిద్యాలయమునందు నరముల వైద్యుడుగా పనిచేసిన స్టీవెన్ నొవెల్లా, సోదరులతోను మిత్రులతోను కూడి, జ్యోతిషము, హోమియోపతి, దయ్యపుకొంపలు మున్నగువానిని ఇందు విచారణకు పెట్టును.

ఖండనములకు ఇందు కొఱత లేదు. కాని యొరుల మూఢత్వమునకు నవ్వినంతమాత్రమున శ్రోత వివేకి కాజాలడు. నిన్న పురోహితుని మాటను విచారింపక నమ్మినవాడు నేడు వైద్యుని మాటను అట్లే నమ్మినచో, గురువు మాఱెను గాని శిష్యుడు మాఱలేదు.

ఈ లోపమునకు విరుగుడు అందే కలదు. 'సైన్స్ ఆర్ ఫిక్షన్' అను ఆటలో నొవెల్లా సాధారణముగా మూడు విషయములు చెప్పును, అందొకటి కల్పితము. అదేదో తక్కినవారు కారణసహితముగా చెప్పవలెను. ఏండ్ల తరబడి యితరుల భ్రమలను పట్టిచూపినవారే యిచట చక్కని తర్కముతో తప్పు సమాధానమునకు చేరుచుందురు. వేలకొలది శ్రోతలు వినుచుండగా దానిని నవ్వుచు అంగీకరింతురు. సాక్ష్యము లేనిచో ఎంతటి తర్కమైనను దారి తప్పునని ఈ యాట బోధించినంతగా ఏ ఖండనమును బోధింపదు.

కావున చదువరులారా, దీనిని బిడ్డలతో కూడి వినుడు. సమాధానము రాకమునుపే యాపి, ఎవరి యూహను వారు కారణముతో చెప్పుడు. తన యూహ తప్పెనని తండ్రి కూతురి యెదుట సంకోచింపక ఒప్పుకొన్ననాడు ఆ యింట విజ్ఞానము అడుగుపెట్టినదని చెప్పవచ్చును.